చిన్నోడి ప్రాక్టీసు

తలుపు తీసే ఉంది. అక్క చెప్పులు విప్పుతూనే లోపలి గదిలోకి తొంగిచూసింది. మంచం మీద అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. గడ్డం దాకా తెల్లటి దుప్పటి, మూసిన కళ్ళు, ఊపిరి ఆడుతున్న జాడ లేదు. ఓ మూల స్టూలు మీద థెరపిస్టు మేడమ్ తల వంచుకుని కూర్చుంది. మంచం పక్కన తమ్ముడు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. అక్క చేతిలోని సంచీ జారి కిందపడింది. "అమ్మా!" అని ఆమె పెట్టిన కేకకి వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు.

అమ్మ ఒక కన్ను తెరిచింది.

"అబ్బబ్బ, నువ్విప్పుడే రాకూడదే! వాడింకా నీకు ఫోనే చెయ్యలేదు. వెళ్ళి బయట కూర్చో, పిలుస్తాం," అని మళ్ళీ కన్ను మూసుకుని చచ్చిపోయింది.

అక్క ఒంటికాలి మీద లేచింది. చావు కూడా నాటకాల కంపెనీ అయిపోయిందా అంది. చదువుకున్న మేడమ్‌కైనా బుద్ధి ఉండక్కర్లేదా అంది. మేడమ్ ఏదో చెప్పబోయింది గానీ అమ్మ దుప్పటి కిందనుంచే చెయ్యి బయటికి తీసి ఆగమన్నట్టు ఊపింది. తమ్ముడు ఈ గొడవేదీ పట్టించుకోలేదు. ప్రాక్టీసు మధ్యలో ఆగిపోయిందని మాత్రం వాడికి ఇబ్బందిగా ఉంది. కుడికాలి మీదనుంచి ఎడమకాలి మీదకి, ఎడమకాలి మీదనుంచి కుడికాలి మీదకి ఊగుతూ, "మళ్ళీ మొదట్నుంచి," అన్నాడు.

ఆ ఇంట్లో ఆమెను అందరూ అక్క అనే అంటారు. తమ్ముడు పుట్టిన నాటినుంచి కన్నతల్లి కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది, ఇక ఆ పిలుపుకి తిరుగు లేకుండా పోయింది. పక్క వీధిలో ఆమెకో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వచ్చినవాళ్ళ ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడిగీ అడిగీ ఆమె గొంతు కాస్త కరుకెక్కింది. మనసు మాత్రం అంత కరుకు కాదు, అది ఇంట్లోవాళ్ళకి తెలుసు కాబట్టే ఆమె కేకల్ని ఎవరూ ఖాతరు చెయ్యరు. తమ్ముడు చిన్నోడు. గడ్డంలో తెల్ల వెంట్రుకలొచ్చాయి, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఉద్యోగం చేస్తున్నాడు, అయినా చిన్నోడే.

చిన్నోడి జీవితమంతా ప్రాక్టీసు మీదే నడిచింది. క్షవరం చేయించాలంటే ముందు ఇంట్లో ప్రాక్టీసు: అమ్మ వాడి మెడకి తువ్వాలు చుట్టి, చెవి పక్కన దువ్వెన ఆడిస్తూ నోటితో కత్తెర చప్పుడు చేసేది. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే చెంచా నోట్లో పెట్టి వంటింట్లో మిక్సీ ఆన్ చేసేది. లిఫ్టు అలవాటు చెయ్యడానికి ఓసారి తల్లీ కొడుకూ బట్టల బీరువాలో దూరి తలుపు వేసుకున్నారు. బయట గొళ్ళెం పడిపోయింది. అక్క బడినుంచి వచ్చి తీసేదాకా అందులోనే ఉన్నారు. చిన్నోడికి ఆ తర్వాత లిఫ్టంటే భయం పోయింది గానీ అమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ మెట్లే ఎక్కింది.

ప్రతి ప్రాక్టీసుకీ ఒక ముగింపు ఉండేది. అమ్మ లేచి "బాగా చేశావురా" అని టీ పెట్టి ఇచ్చేది. గ్లాసు చేతికొస్తే ప్రాక్టీసు అయిపోయినట్టు. అప్పటిదాకా ఎంత కష్టమైనా మధ్యలో వదలకూడదు. వాడి చిన్నప్పుడు అమ్మే పెట్టిన నియమం ఇది. వాడు ఒక్కసారి కూడా తప్పలేదు. పైగా ఎవరైనా తప్పితే ఊరుకునేవాడు కాదు.

ఈ మేడమ్ రాకముందు ఇంకో థెరపిస్టు ఉండేవాడు. పిల్లవాడి గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తి "నా కళ్ళలోకి చూడు" అనేవాడు. చూస్తే చాక్లెట్ ముక్క, చూడకపోతే మళ్ళీ గడ్డం. చేతులు ఆడిస్తే బల్ల కింద కట్టేసి ఉంచేవాడు. చిన్నోడికి ఆయన క్లినిక్ గేటు కనబడితే చాలు, వాంతి అయ్యేది. ఒకరోజు అమ్మ నేరుగా లోపలికి వెళ్ళి, ఆయన గడ్డమే రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏదీ, నా కళ్ళలోకి చూడండి," అంది. ఆయన తల తిప్పేసుకున్నాడు. కొడుకుని చంకనేసుకుని వచ్చేసింది. ఈ కథ అమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు, చిన్నోడు తప్ప. వాడు గడ్డం మీద చెయ్యి పెట్టుకునేవాడు.

ఈ మేడమ్ వేరు. చిన్నోడికి మీసాలొచ్చే వయసులో వచ్చింది. మొదటిరోజే అమ్మతో, "ఆటిజం రోగం కాదమ్మా, మాన్పించడానికి. తన మెదడు తీరే అంత. లోకం తనకి అర్థమయ్యేలా, తను లోకానికి అర్థమయ్యేలా చూడటమే మన పని," అంది. వాడు ఊగితే ఊగనిచ్చింది. కళ్ళలోకి చూడమని ఒక్కనాడూ అడగలేదు. పద్దెనిమిది నిండిన రోజునుంచి వాణ్ణి "మీరు" అనడం మొదలుపెట్టింది. అమ్మకి అది వింతగా, కాస్త గర్వంగా కూడా ఉండేది. బస్సెక్కడం, లాండ్రీలో యంత్రాల రొద వినబడకుండా చెవులు మూసే మఫ్‌లు పెట్టుకోవడం, మేస్త్రీతో "నాకు కాసేపు విరామం కావాలి" అని అడగడం, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఒకసారి లాండ్రీలో ఒకమ్మాయి వాడికి నచ్చింది, ఆ అమ్మాయికి వాడు నచ్చలేదు. ఏడాదిపాటు మేడమ్ దగ్గర కూర్చుని అదొక్కటే మాట్లాడాడు. ఆవిడ విసుక్కోకుండా వింది. ఆవిడ జుట్టూ వాడి జుట్టూ కలిసే నెరిశాయి.

అలాంటి మనిషి ఈ చావు ప్రాక్టీసుకి ఎలా ఒప్పుకుందో అక్కకి అంతుపట్టలేదు. మేడమ్ వెళ్ళిపోయాక తల్లిని కడిగేసింది.

"నీకేమైనా మతి పోయిందా? నువ్వు పోయేది ఎప్పుడో, ఇప్పట్నుంచీ దుప్పటి కప్పుకుని పడుకోవడమేంటి? చూసేవాళ్ళ గుండె ఆగిపోదూ?"

"ఎప్పుడో కాదే అక్కా," అంది అమ్మ. దుప్పటి నాలుగు మూలలూ కలిపి మడతపెడుతోంది, కొడుకు నేర్పిన పద్ధతిలో. "గుండె సగమే పనిచేస్తోందట. మిగతా సగం ఎన్నాళ్ళు మోస్తుందో డాక్టరు కూడా చెప్పలేదు. నాన్న పోయినప్పుడు ఏమైందో మర్చిపోయావా?"

అక్క మర్చిపోలేదు. ఎలా మర్చిపోతుంది? నాన్న పోయిన రోజు చిన్నోణ్ణి పక్కింటికి పంపేశారు. వాడికి ఏం తెలుస్తుందిలే అనుకున్నారు. తిరిగొచ్చాక నాన్నేడని అడిగితే నిద్రపోయాడని చెప్పింది పిన్ని. అంతే, చిన్నోడు నిద్రపోవడం మానేశాడు. అమ్మ కళ్ళు మూసుకుంటే రెప్పలు పట్టుకుని లాగేవాడు. అలా కాదని ఇంకొకరు, దేవుడి దగ్గరికి వెళ్ళాడని చెప్పారు. అయితే ఏ బస్సెక్కాలి అని అడిగాడు. ఎవరూ చెప్పకపోయేసరికి కనబడిన ప్రతి బస్సూ ఎక్కాడు. చివరికి గోడకి తల బాదుకుంటుంటే ఆసుపత్రిలో మంచానికి కట్టి ఇంజెక్షన్లు ఇచ్చారు. మనిషి తేరుకోవడానికి ఏళ్ళు పట్టింది. మేడమ్ అప్పుడే చెప్పింది: నిద్రపోవడం, వెళ్ళిపోవడం లాంటి మాటలు వద్దు, చనిపోయారు అనే చెప్పండి, ఏం జరగబోతుందో ముందే చెప్పండి అని.

"వాణ్ణి మళ్ళీ ఆ మంచానికి కట్టకూడదు," అంది అమ్మ. "నాకు అదొక్కటే. నేను పోవడం గురించి నాకు దిగుల్లేదు. నేను పోయిన రోజున వాడు ఏం చెయ్యాలో వాడికి తెలిసుండాలి. అర్థమైందా?"

అక్క మొహం మాడ్చుకునే సరేనంది.

అలా ఆమె కూడా నాటకంలో చేరింది. ఆమె వేషం ఏమిటంటే, ఫోను రాగానే రావడం, ఏడవడం. మొదటిసారి ఆమె చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఊరికే ఏడుపు రాగం తీస్తే చిన్నోడు ఒప్పుకోలేదు. "అక్క నవ్వుతోంది. మళ్ళీ," అన్నాడు. రెండోసారి మంచం మీద కదలకుండా ఉన్న తల్లిని చూసేసరికి ఏడుపు నిజంగానే వచ్చింది, ఎంతకీ ఆగలేదు. అమ్మే లేచి ఆమెకి కూడా టీ ఇచ్చింది.

బావది ఫర్నిచరు చేరవేసే వ్యాను. ఆఖరి ప్రయాణానికి అదే బండి. అమ్మ వెనక పడుకుని వెళ్ళేది. శ్మశానం గేటు దగ్గర చిన్నోడు దిగి ఆగిపోవాలి. లోపల జనం, పొగ, చప్పుడు, వాడివల్ల కాదు. అది ముందే అనుకున్నారు. వ్యాను లోపలికి వెళ్తుంది, వాడు గేటు దగ్గర చెయ్యెత్తి "వెళ్ళి రా అమ్మా" అనకూడదు, మేడమ్ ఆ మాట వద్దంది. "ఉంటాను అమ్మా" అనాలి. తర్వాత బావతో ఇంటికొచ్చి స్నానం చెయ్యాలి. వాడు స్నానం చేసి వచ్చేసరికి అమ్మ వంటింట్లో టీ పెడుతుండేది. వ్యానులో కుదుపులకి నడుం విరిగిందని బావని తిట్టిపోస్తుండేది. "చచ్చినవాళ్ళకి నడుం నొప్పేంటి అత్తయ్యా?" అనేవాడు బావ. "నువ్వు నడిపితే చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు," అనేది అమ్మ. పాపం, బావ కూడా నవ్వేవాడు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో చావుకన్నా నవ్వులాట ఇంకోటి లేదంటే నమ్మాలి.

అమ్మ ఓ పొద్దున పోయింది.

అక్క దుకాణం షట్టరు అప్పుడే ఎత్తింది. ఒక పెద్దాయన కొత్త కళ్ళజోడు చెవుల వెనక గుచ్చుకుంటోందని వచ్చి కూర్చున్నాడు. ఫోను మోగింది. "అక్కా, అమ్మ చనిపోయింది. నువ్వు రా. నేను బాగానే ఉన్నాను," అన్నాడు చిన్నోడు. ఇవాళ ప్రాక్టీసు ఉందని అమ్మ చెప్పలేదే అనుకుంది అక్క. పెద్దాయన కళ్ళజోడు కాడలు వేడిచేసి వంచింది, పెట్టి చూసింది, మళ్ళీ వంచింది. సరిపోయిందన్నాక దుకాణం మూసి నడుచుకుంటూ ఇంటికెళ్ళింది. అమ్మ చెంప మీద చెయ్యి వేసేదాకా ఆమెకి నిజం తెలియలేదు. చెంప చల్లగా ఉంది.

ఆమె ఏడుపుకి ఇంటి కప్పు ఎగిరిపోయింది. చిన్నోడు మాత్రం నేర్చుకున్నదంతా నేర్చుకున్నట్టే చేశాడు. అక్క వచ్చేలోపే అమ్మ గడ్డం దాకా దుప్పటి కప్పి, ముడతలు సరిచేసి, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. "నీళ్ళు తాగు అక్కా," అని గ్లాసు అందించాడు. బావకి ఫోను చేశాడు, మేడమ్‌కి చేశాడు, లాండ్రీ మేస్త్రీకి సెలవు చెప్పాడు. వచ్చినవాళ్ళు భుజం తడుతుంటే ముట్టుకోవద్దని మర్యాదగా చెప్పాడు. గేటు దగ్గర దిగి చెయ్యెత్తి "ఉంటాను అమ్మా" అన్నాడు. గొంతు ఎక్కడా వణకలేదు.

"ఎంత నిబ్బరమే వాడికి! మనకే లేదు," అంది పిన్ని. వ్యాను వెనక నిలబడి మేడమ్ కూడా కళ్ళు తుడుచుకుంటూ, "అమ్మగారు అనుకున్నది సాధించారు," అంది. అక్కకి ఆ దుఃఖంలోనూ గుండె నిండింది. అమ్మని అన్ని మాటలన్నాను, చివరికి ఆవిడే గెలిచింది అనుకుంది.

అనుకున్న ప్రకారమే అక్కా బావా వచ్చి ఆ ఇంట్లో చేరారు. చిన్నోడు పనికి వెళ్ళాడు. కానీ సాయంత్రం వచ్చాక స్నానం చేసి అమ్మ గది గుమ్మం దగ్గర నిలబడేవాడు. గోడకి ఆనుకోకుండా, చేతులు రెండూ పక్కకి పెట్టుకుని, అలా నిలబడే ఉండేవాడు. అక్క టీ ఇస్తే పుచ్చుకునేవాడు కాదు. బావ ఇచ్చినా అంతే. "ఇది కాదు," అనేవాడు. దిగులు పెట్టుకున్నాడు, మెల్లగా తగ్గుతుందిలే అనుకున్నారు. వాడి టీ గ్లాసుని అక్క రోజూ సింకులో ఒంపేసేది, ఆ చప్పుడుకి వాడు తల తిప్పి చూసేవాడు.

తగ్గలేదు సరికదా రోజురోజుకీ ముదిరింది. తిండి సగానికి సగం తగ్గిపోయింది. రాత్రుళ్ళు కూడా గుమ్మం వదిలేవాడు కాదు, నిలబడే కునికేవాడు. లాండ్రీ మేస్త్రీ ఫోను చేశాడు. ఇస్త్రీ రోలర్లోంచి వచ్చిన వేడి దుప్పట్లు మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడట. ఏమైందని అడిగితే, "ఎక్కడో తప్పు చేశాను, అందుకే అవడం లేదు," అన్నాడట. ముంజేతి మీద పళ్ళగాట్లు కనబడుతున్నాయని కూడా చెప్పాడు. ఆ మాట వినేసరికి అక్కకి ఆసుపత్రి మంచం కళ్ళముందు కదిలింది. మర్నాడే దుకాణానికి తాళం వేసి వాణ్ణి మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళింది.

మేడమ్ గదిలో ట్యూబులైటు వెయ్యరు, దాని రొద వాడికి పడదు. మూల ఒక దీపం, కింద మందపాటి తివాచీ. చిన్నోడు తివాచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఊగడం మొదలుపెట్టాడు. మేడమ్ కూడా కిందే కూర్చుంది. ఆవిడ తొందరపెట్టే మనిషి కాదు.

"మేడమ్, నేను బాగా చేశానా?" అన్నాడు చివరికి.

"చాలా బాగా చేశారు."

"ఏదైనా మర్చిపోయానా?"

"లేదు. ఏమీ మర్చిపోలేదు."

"మరి అమ్మ ఎప్పుడు లేస్తుంది?"

అక్క ముందు అర్థంకానట్టు మేడమ్ వైపు చూసింది, తర్వాత తమ్ముడి వైపు చూసింది. వాడు ఎదురుచూస్తున్నాడు. మేడమ్ "ఇప్పుడే వస్తాను" అని లేచి వరండాలోకి నడిచింది. వెనకాలే వెళ్ళిన అక్కకి ఆవిడ గోడకి నుదురు ఆనించుకుని కనబడింది.

"పళ్ళ డాక్టరుకి ప్రాక్టీసు ఇంట్లో చేశాం, నిజం క్లినిక్‌లో జరిగింది," అంది మేడమ్, గోడతో చెప్తున్నట్టు. "ఉద్యోగానికి ప్రాక్టీసు ఈ గదిలో, నిజం లాండ్రీలో. ప్రతిదానికీ చోటు మారింది, మనుషులు మారారు. దీనికొక్కదానికే ప్రాక్టీసూ నిజమూ ఒకే మంచం మీద పెట్టాం. అవే మాటలు, అదే దుప్పటి, అదే వ్యాను. ప్రతిసారీ ఆవిడ లేచారు. ఇది వేరని తనకెలా తెలుస్తుంది? నాకు తట్టాలి. ఇన్నేళ్ళ చదువు, ఇన్నేళ్ళ అనుభవం, నాకు తట్టలేదు."

అక్కకి ఆవిణ్ణి తిట్టాలనిపించింది. తిట్టలేకపోయింది. ఆ పొద్దున తనకే తెలియలేదు కదా, తనే కళ్ళజోడు కాడలు వంచుతూ కూర్చుంది కదా. ఇన్నాళ్ళూ వాడు గుమ్మం దగ్గర నిలబడింది దుఃఖంతో కాదు, నమ్మకంతో.

"మెల్లగా చెప్దాం," అంది మేడమ్ కళ్ళు తుడుచుకుని. "కొన్ని వారాలు పడుతుంది. బొమ్మలు గీసి, కొంచెం కొంచెంగా..."

"వద్దు మేడమ్. వాడింకో రోజు ఆ గుమ్మంలో నిలబడితే నేను చూడలేను. ఇప్పుడే చెప్తాను."

మేడమ్ ఆమె మొహంలోకి చూసి తలూపింది. "అయితే మీరే చెప్పండి. తిన్నగా చెప్పండి. నేను పక్కనే ఉంటాను."

అక్క వెళ్ళి తమ్ముడికి ఎదురుగా కాక, వాడికిష్టమైనట్టు పక్కన కూర్చుంది.

"చిన్నోడా, అమ్మ లేవదు. అది ప్రాక్టీసు కాదురా. నిజంగానే చనిపోయింది."

ఊగడం ఆగింది. "టీ ఇవ్వలేదు," అన్నాడు.

"ఇవ్వలేదు. ఇంక ఎప్పటికీ ఇవ్వదు. చనిపోయింది కాబట్టి."

వాడు తివాచీ అంచుని వేలితో గీస్తూ ఆలోచించాడు. కేకలేస్తాడేమో, తల బాదుకుంటాడేమోనని అక్క ఒళ్ళంతా బిగబట్టుకుని ఉంది. వాడు నెమ్మదిగా అడిగాడు.

"నేను నీకు ఫోన్ చేసినప్పుడు నిజమేనా?"

"నిజమే."

"దుప్పటి కప్పినప్పుడు?"

"అప్పుడు కూడా నిజమే."

"గేటు దగ్గర?"

"నిజమే నాన్నా. అంతా నిజమే."

"నాకెవరూ చెప్పలేదు."

"తప్పు మాది," అంది మేడమ్. "మేమే చెప్పాల్సింది. మాకూ తెలియలేదు. మీరేం తప్పు చెయ్యలేదు."

వాడు ఆవిడ మాట విన్నట్టు లేదు. పెదవులు కదులుతున్నాయి. ఆ పొద్దునంతా మొదట్నుంచి మళ్ళీ నడుస్తున్నాడని అక్కకి అర్థమైంది. ఒకచోట ఆగాడు. మొహం అంతా ముడతలు పడిపోయింది.

"నేను చూడలేదు," అన్నాడు.

"ఏం చూడలేదురా?"

"అమ్మని. దుప్పటి కప్పేసి కుర్చీలో కూర్చున్నాను. కిటికీ మీద పావురం ఉంది. ప్రాక్టీసే కదా అని పావురాన్ని చూశాను. నువ్వొచ్చేదాకా పావురాన్నే చూశాను. తర్వాత అందరూ వచ్చారు. వ్యానులో మూసేశారు. అమ్మని చూడలేదు." గొంతు పెద్దదైంది. "ఒక్కసారి తీసుకురండి. చూస్తాను. ఈసారి సరిగ్గా చూస్తాను."

"తీసుకురాలేంరా."

"ఒక్కసారి."

"తీసుకురాలేం చిన్నోడా."

అప్పుడు ఏడ్చాడు. అక్క అంత పెద్ద ఏడుపు ఎన్నడూ వినలేదు. మేడమ్ తలుపు మూసింది, అంతే. ఆపమని ఎవరూ అనలేదు, పట్టుకోబోలేదు. అక్క కూడా ఏడ్చింది. దీపం పక్కన ఇద్దరూ చెరోవైపు మొహం పెట్టుకుని ఏడ్చారు.

ఏడుపు కాస్త నెమ్మదించాక వాడు మోచేత్తో ముక్కు తుడుచుకుని అడిగాడు. "నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

అక్క కళ్ళు మూసుకుంది. రోజంతా జనం మొహాలు చూసే మనిషి, తల్లి మొహాన్ని మాత్రం ఆ పొద్దున తర్వాత గుర్తుచేసుకోవడానికి భయపడింది. ఇప్పుడు తప్పదు.

"నోరు కొంచెం తెరిచి ఉంది. ఎడమ చెంప మీద దిండు గీత పడింది. జడ విడిపోయి భుజం మీద ఉంది. నుదుటి మీద ఒక వెంట్రుక అతుక్కుని ఉంటే నేను తీశాను."

"నొప్పిగా ఉందా మొహం?"

"లేదు. నొప్పిగా లేదు."

"చేతులు?"

"కుడి చెయ్యి దుప్పటి బయటే ఉంది. వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. చిటికెన వేలి గోరు విరిగింది."

వాడు తన చిటికెన వేలు పైకెత్తి చూసుకున్నాడు. తర్వాత మళ్ళీ మెల్లగా ఊగడం మొదలుపెట్టాడు.

"ఇంకా చెప్పు," అన్నాడు.

చెవి కమ్మల గురించి చెప్పింది. కనుబొమల మధ్య ఉన్న పుట్టుమచ్చ గురించి చెప్పింది. కనురెప్పలు పూర్తిగా మూతపడలేదని, కింద సన్నగా తెల్లగుడ్డు కనబడుతోందని, తనే వేలితో మూసిందని కూడా చెప్పింది. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఇంకా చెప్పు," అన్నాడు చిన్నోడు.